బయటికి వెళ్లినవి: ఒక ఫైలు

మా ఆఫీసులోకి కాగితం తీసుకురాకూడదు. లోపలున్న కాగితం బయటికి తీసుకుపోకూడదు. కలం సంగతీ అంతే.

మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి టవరుకు కాస్త ఇవతల, రాతిగుట్టను సగం పగలగొట్టి కట్టిన మూడంతస్తుల అద్దాల మేడ మాది. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక నోటితో చెప్పి రికార్డు చేసిన వివరాలు శాటిలైట్ మీదుగా మా కంప్యూటర్లలోకి వస్తాయి. నలభై ఆరుగురు పిల్లలు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలి కింద పెడల్ నొక్కుతూ వదులుతూ వాటిని టైపు చేస్తారు. పెడల్ నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలితే ఆగుతాడు. రోగుల సంగతులు బయటికి పొక్కకూడదని ఈ కాగితం నిషేధం.

దాన్ని అమలు చేసే మనిషి లింగయ్య. పాలమూరు జిల్లా నుంచి రాళ్లు కొట్టే పనికి వచ్చి, ఈ మేడ పునాదిలో బండలు పగలగొట్టి, మేడ లేచాక దానికే సెక్యూరిటీ గార్డు అయ్యాడు. గేటు పక్క రేకుల గదిలో కూర్చుంటాడు. ముందు రెండు పొడుగాటి రిజిస్టర్లు, దారంతో బల్లకు కట్టిన ఒక కలం. మా అందరికీ అందుబాటులో ఉన్న కలం అదొక్కటే. రోజూ సాయంత్రం నా సంచి విప్పి, టిఫిన్ డబ్బా మూత తీసి మరీ చూస్తాడు.

"మజ్జిగ కాగితం కాదు కదండీ లింగయ్య గారూ" అంటే,

"రూలు రూలే సారు. మజ్జిగల ఏం ముంచినరో నాకేం ఎరుక" అంటాడు.

ఆ మేడలోనే పనిచేసే తన కూతురు రజిత డబ్బా కూడా అలాగే చూస్తాడు. ఆ డబ్బా పొద్దున తను కట్టి ఇచ్చినదే.

నా పేరు పట్టాభిరామయ్య. తెనాలి దగ్గర ఒక ఎయిడెడ్ కాలేజీలో ముప్ఫై ఏళ్లు జువాలజీ చెప్పాను. చివరి ఆరేళ్లు వైస్ ప్రిన్సిపాల్ పని కూడా చూశాను. మా ఆవిడ కనకలక్ష్మి వైద్యం కోసం హైదరాబాదు వచ్చి, ఆమె పోయాక మణికొండలో ఆ అద్దె గదుల్లోనే ఉండిపోయాను. పగటిపూట ఆ గదుల్లో ఒక్కణ్నే కూర్చోలేక ఈ ఉద్యోగంలో చేరాను. పిల్లలకు అవయవాల పేర్లు, జబ్బుల పేర్లు నేర్పడం, వాళ్లు టైపు చేసినవి సరిచూడడం నా పని. మొదట్లో బాగానే ఉండేది. ఏడాది తిరిగేసరికి, మెట్ల మలుపులో ఉన్న కిటికీ దగ్గర రోజుకు మూడుసార్లు నిలబడడం అలవాటైంది. మేడ మొత్తానికి రెక్కలున్న కిటికీ అదొక్కటే. ఏసీ చల్లదనం పోతుందని ఆ రెక్కలకూ మేకులు కొట్టేశారు. అద్దానికి అవతల గాలికి ఊగే తుమ్మ కొమ్మ కనిపించేది, చప్పుడు మాత్రం వినిపించేది కాదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి.

టైపు పనిలో చేరిన ప్రతివాళ్లూ రెండేళ్లు మానకూడదని కంపెనీ బాండు రాయించుకుంటుంది. ఆ మాటకు హామీగా పదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని ఇనప బీరువాలో పెడుతుంది. తొంభై ఎనిమిది ఫిబ్రవరిలో రజితతో పాటు చేరిన బ్యాచ్‌లో కొందరు పిల్లలు ఇవ్వడానికి తటపటాయించారు. మేనేజరు రవికిరణ్ నా వైపు చూశాడు. నేను లేచి చెప్పాను.

"ఇందులో భయపడాల్సిందేం లేదమ్మా. కాలేజీలో చేరితే టీసీ, మార్కుల మెమోలు ఆఫీసులో ఇవ్వరూ? చదువైపోయాక మళ్లీ తీసుకోరూ? ఇదీ అంతే."

ముప్ఫై ఏళ్లు పిల్లల సర్టిఫికెట్లు బీరువాల్లో దాచినవాణ్ని. సంస్థ అన్నాక ఒరిజినల్స్ దాని దగ్గర ఉండడం నాకు గాలీ వెలుతురూ అంత మామూలు విషయం. కాలేజీలో అయితే రసీదు ఇచ్చేవాళ్లం, ఇక్కడ ఇవ్వడం లేదన్న సంగతి కూడా ఆ రోజు నాకు తట్టలేదు. అందరూ ఇచ్చేశారు. జాబితా రవికిరణ్ కలంతో నా చేత్తోనే రాశాను. "మీ అంత నమ్మకస్తులు ఎవరున్నారు సార్" అని రవికిరణ్ బీరువా తాళంచెవి కూడా నాకే ఇచ్చాడు. తన సంతకం లేకుండా తీయకూడదన్నది షరతు.

రజిత తెలుగు మీడియంలో చదివిన పిల్ల. ఇంటర్‌లో బైపీసీ అడిగితే సీట్లు నిండాయని గుమాస్తా ఎంపీసీలో రాశాడట. ఆ దారినే బీఎస్సీ లెక్కలు, ఆపైన కంప్యూటరు కోర్సు, ఆపైన మా మేడ. ఇంగ్లీషు చెవితో నేర్చుకుంది. తప్పులు తక్కువ, కానీ రోజుకు టైపు చేయవలసిన లైన్లు ఎప్పుడూ తగ్గేవి. ఎందుకో చూద్దామని ఒక రోజు ఆమె వెనక నిలబడ్డాను. ఎవరో యాభై ఏళ్ల ఆడమనిషి, మూడు వారాలుగా ఆయాసం, పాదాలకు వాపు. డాక్టరు అంతవరకు చెప్పగానే రజిత పెడల్ మీంచి కాలు తీసేసి, కళ్లు మూసుకుని కూర్చుంది. నిమిషం తర్వాత మళ్లీ నొక్కింది.

"ఎందుకు ఆపావమ్మా?"

ఉలిక్కిపడింది. "డాక్టరు చెప్పకముందు నేను చెప్పగల్గుతనా అని సార్. గుండె అనుకున్న."

"ఆయనేమన్నాడు?"

"గుండెనే."

"ఎన్నిసార్లు సరిపోతుంది?"

"మొదట్ల పదికి ఒకటి. ఇప్పుడు ఆరు." పెడల్ వైపు చూస్తూ అంది. "కానీ సార్, ఇంటికి పంపినం అని చెప్పి డాక్టరు ఆపేస్తడు. ఫైలు మూసుకుంటది. ఆమె మెట్లు ఎక్కగల్గుతుందా, మల్ల వాపొచ్చిందా, ఎవర్ని అడగాలె? నేను ఎవ్వర్నీ ఏమీ అడగలేను. వింటనే ఉంట."

ఆ వారంలోనే ఆమె నన్ను అడిగింది, ఎంపీసీ చదివినవాళ్లు బోటనీ, జువాలజీ పేపర్లు విడిగా రాసి పాసైతే మెడిసిన్ ఎంసెట్ రాయొచ్చట, నిజమేనా అని. నిజమేనని చెప్పాను. "ఇరవై రెండు దాటినయి సార్ నాకు" అంది. వయసుకు పైన హద్దు లేదని చెప్పాను. ఇంకేదైనా అడ్డం చెబుతానేమోనని నా మొహంలోకి చూసింది. నా దగ్గర అడ్డం ఏదీ లేకపోయింది.

చదువు భోజనం వేళ. ముప్పావు గంట. క్యాంటీను కూడా లోపలే కాబట్టి అక్కడికీ పుస్తకం రాదు, కలం రాదు. ఇంట్లో చదువుకుని వచ్చేది, సందేహాలు బుర్రలో పెట్టుకుని వచ్చేది. బొమ్మ లేకుండా జువాలజీ ఎలా చెప్పను? మొదటి రోజు గ్లాసులో వేలు ముంచి, నల్ల గ్రానైటు బల్ల మీద వానపాము జీర్ణనాళం గీశాను. నీటి గీత నల్లరాయి మీద చక్కగా మెరిసింది. పైన ఫ్యాను తిరుగుతోంది. తల దగ్గర మొదలుపెట్టి తోక దగ్గరికి వచ్చేసరికి తల ఆరిపోయింది.

"ఇంకోసారి గీయనా?"

"వద్దు సార్. చూసిన." అని తన గ్లాసులో వేలు ముంచి, నేను గీసినది గీసినట్టు గీసింది.

అలా ఏడాది నడిచింది. కప్ప గుండె, బొద్దింక నోటి భాగాలు, మందార పువ్వు నిలువుకోత, అన్నీ ఆ బల్ల మీదే. పక్క బల్ల పిల్లలు నవ్వేవారు. "సార్, రజితకు బల్ల తుడవడం నేర్పుతున్నారా?" అని ఒకడు. "అవునయ్యా, నీ బల్లకూ వస్తుంది" అంటే నవ్వి ఊరుకునేవాడు. క్యాంటీను నడిపే రత్నమ్మ ఏమీ అడగకుండా, మేం కూర్చోగానే మా బల్ల మీది ఫ్యాను ఆపేసేది. గీత ఇంకో రెండు నిమిషాలు నిలిచేది. ఉక్కపోత భరించడం మాకు సులువే.

ప్రాక్టికల్స్ కోసం ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబులో ఆరు ఆదివారాలు వెళ్లింది. మొదటి ఆదివారం తర్వాత సోమవారం నా పక్కన కూర్చుని మెల్లగా అంది. "కప్పను కోసిన సార్. గుండె మీరు గీసినట్టే ఉన్నది. కానీ అది ఆరిపోలే. చూస్తనే ఉన్న, ఉంటనే ఉన్నది."

తొంభై తొమ్మిది మార్చిలో ఆ పేపర్లు, మేలో ఎంసెట్. దరఖాస్తులకు జిరాక్సులు సరిపోయాయి. ర్యాంకులు పేపర్లో పడిన పొద్దున లింగయ్య నన్ను గేటు దగ్గరే ఆపాడు. అప్పటిదాకా ఆయనకు ఈ చదువంటే చిరాకు. ఉన్న కొలువు మీద శ్రద్ధ లేదని నా ముందే రెండుసార్లు కసిరాడు. ఇప్పుడు పేపరు మడిచి, ఒక అంకె మీద గోరు పెట్టి నాకు చూపించాడు.

"గీ నంబరు మా బిడ్డదేనా సారు? జర చూడున్రి. నాకు కండ్లు సక్కగ ఆనుతలేవు."

నాకూ కాసేపు ఆనలేదు. కళ్లజోడు తుడుచుకుని చూశాను. ఆమెదే. రిజర్వేషనుతో కలిపి చూస్తే ఏదో ఒక ప్రభుత్వ కాలేజీలో సీటు వచ్చే ర్యాంకు.

"ఇగ ఆరేండ్లు సదువుతదా?" అన్నాడు.

"దాదాపు."

"నేను గేటుకాడ ఇంకో ఆరేండ్లు నిలవడాలె అన్నట్టు." పేపరు జాగ్రత్తగా మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. "నిలవడ్త తియ్యున్రి. యాడికి పోత?"

జూలైలో పిలుపు కాగితం వచ్చింది. గురువారం పొద్దున తొమ్మిదింటికి కౌన్సెలింగ్. కింద లావు అక్షరాలతో, అన్ని సర్టిఫికెట్లూ ఒరిజినల్స్ తేవాలి, లేనివారిని అనుమతించరు.

సోమవారం రజిత రవికిరణ్ గదిలోకి వెళ్లింది. పది నిమిషాల్లో బయటికి వచ్చి, నేరుగా తన సీట్లో కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఆ రోజు లైన్లు తగ్గలేదు. ఒక్కసారి కూడా పెడల్ మీంచి కాలు తీయలేదు. అది చూశాకే నాకు సంగతి అర్థమైంది.

భోజనం వేళ చెప్పింది. రెండేళ్లు నిండడానికి ఇంకా ఏడు నెలలుంది, అప్పుడు తీసుకో అన్నాడట. ర్యాంకు ఈ ఒక్క సంవత్సరానికే పనికొస్తుందంటే, మళ్లీ రాయమన్నాడట.

"ఇంకో మాట గూడ అన్నడు సార్. తండ్రీ కూతుళ్లు ఒక్కకాడ పనిచేస్తే ఇట్లాంటి పరేషాన్‌లే వస్తయి, సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లతో మాట్లాడాలె అన్నడు." గ్లాసు పక్కకు జరిపింది. "నాయినకు చెప్పలేదు. మీరు గూడ చెప్పకున్రి."

చెప్పక్కర్లేకపోయింది. ఏజెన్సీ సూపర్‌వైజరు సాయంత్రానికే లింగయ్యకు చెప్పాడు. నేను గేటు దగ్గరికి వచ్చేసరికి ఆయన నా సంచి విప్పకుండా నిలబడి ఉన్నాడు. రెండేళ్లలో మొదటిసారి.

"సారు, తాళంచెవి మీకాడనే ఉంటది గద" అన్నాడు. అన్న వెంటనే తల దించుకున్నాడు. "అడుగొద్దు. అడిగినట్టు అనుకోకున్రి." డబ్బా తీసి, మూత విప్పి, మూసి ఇచ్చాడు.

అవును, తాళంచెవి నా దగ్గరే ఉంది. జంధ్యానికి కట్టుకుని తిరుగుతాను, మా నాన్న ఇనప్పెట్టె తాళం అలాగే కట్టుకునేవారు. ఆ రాత్రి స్నానం చేస్తుంటే అది ఛాతీకి చల్లగా తగిలింది. బీరువా తెరవడానికి అర నిమిషం చాలు. ఫైలు తీసి ఆమెకు ఇచ్చేస్తాను. తర్వాత? గేటు దగ్గర లింగయ్య ఉంటాడు. గేట్ పాస్ లేని కాగితాన్ని ఆయన ఆపితే కూతురి చదువు పోతుంది, ఆపకపోతే ఆయన కొలువు పోతుంది. ఎటు తిరిగినా ఆ రేకుల గది దగ్గరికే వచ్చి ఆగేవాణ్ని.

ఇంకో సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. నేను అప్పటికే బయటపడే దారిలో ఉన్నాను. తెనాలిలో ఆదర్శ్ అని నా పాత విద్యార్థి జూనియర్ కాలేజీ పెట్టాడు. ఆగస్టు నుంచి వచ్చి జువాలజీ చెప్పండి మాస్టారూ అని ఉత్తరం రాశాడు. నేను సరేనని జవాబు రాసి, ఇక్కడ నోటీసు కూడా ఇచ్చాను. ట్రైనర్లకు బాండు లేదు. నా ఎమ్మెస్సీ పట్టా నా పెట్టెలోనే ఉంది. ఆ కాలేజీ ల్యాబుకు నాలుగు పెద్ద కిటికీలున్నాయనీ, పక్కనే కాలవ అనీ రాశాడు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదువుకున్నానో. ఇంకో మూడు వారాలు ఊరుకుంటే ఇది నా గొడవ కాదు. ఆ ఆలోచన వచ్చింది. వచ్చి, కాసేపు కూర్చుంది కూడా.

మంగళవారం తెల్లవారుజామున నాకు కస్టోడియన్ కాగితం గుర్తొచ్చింది.

కాలేజీలో ఇలాంటివి ఎన్ని చూశాను. డిగ్రీ చదువుతున్న పిల్లవాడికి ఇంకోచోట ఇంటర్వ్యూ వస్తుంది, ఒరిజినల్స్ మా దగ్గర ఉంటాయి. అప్పుడు ప్రిన్సిపాల్ లెటర్‌హెడ్ మీద రాసి ఇచ్చేవాళ్లం. ఫలానా విద్యార్థి ఒరిజినల్ సర్టిఫికెట్లు మా సంస్థ అధీనంలో భద్రంగా ఉన్నాయి, తమరు అడిగినప్పుడు పంపగలము అని. అవతలివాళ్లు ఒప్పుకునేవారు. ఇంత తేలిక దారి ఉండగా నిన్నంతా ఏడ్చామేమిటి అనుకున్నాను. ఎంత సంతోషం వేసిందంటే, కనకలక్ష్మి ఉన్నట్టే పైకి చెప్పాను, "దొరికింది చూడు" అని. ఆఫీసుకు వెళ్లగానే కంప్యూటరులో ఆ ఉత్తరం టైపు చేసి ప్రింటు తీశాను. కన్వీనరు గారికి, ఎంసెట్ కౌన్సెలింగ్. ఆమె ఆరు సర్టిఫికెట్లు, వాటి నంబర్లు, తీసుకున్న తేదీ, తీసుకున్న కారణం, అన్నీ వివరంగా. నా జాబితా ఉంది కదా.

రవికిరణ్‌కు ముప్ఫై రెండేళ్లుంటాయి. గోదావరి జిల్లా కుర్రవాడు. చెడ్డవాడు కాడు, బల్ల మీద ఎప్పుడూ అల్సర్ మాత్రలు ఉంటాయి. కాగితం అందుకుని చదవడం మొదలుపెట్టాడు.

"ఏంటండి ఇది?"

"కస్టోడియన్ సర్టిఫికెట్. ఒరిజినల్స్ మన దగ్గరే ఉంటాయి, మీకు ఇబ్బంది లేదు. ఆమె ఈ కాగితం చూపించుకుంటుంది. లెటర్‌హెడ్ మీద ప్రింటు తీసి సంతకం పెట్టి, స్టాంపు వేస్తే చాలు."

మళ్లీ చదివాడు. 'ఉద్యోగంలో రెండేళ్లు కొనసాగుటకు హామీగా మా కంపెనీ తీసుకుని ఉంచినది' అన్న వాక్యం దగ్గర అతని వేలు ఆగిపోయింది.

"ఇది ఎవరికి వెళ్తుందన్నారు?"

"కన్వీనరు గారికి. ప్రభుత్వం వారికేనండి."

"ఫైల్లో పెట్టుకుంటారా?"

"తప్పకుండా. నంబరు వేసి మరీ పెడతారు."

అతని మొహంలో రంగు మారింది. నాకు అప్పటికీ అర్థం కాలేదు.

"సార్, పిల్లల ఒరిజినల్స్ పెట్టుకోవడానికి మనకి ఏ పవర్ ఉందని అడిగితే ఏం చెప్తాం?"

"కాలేజీలు పెట్టుకోవడం లేదూ?"

"మనం కాలేజీ కాదు సార్." గొంతు తగ్గించాడు. "మనం ఎక్కడా రాయలేదు. బాండులో కూడా సర్టిఫికెట్ల మాట లేదు. రసీదులు ఇవ్వొద్దని హెడ్డాఫీసు చెప్పింది. మీరేమో నంబర్లతో సహా టైపు చేసి, నన్ను స్టాంపు వేయమంటున్నారు."

అప్పుడు తెలిసింది నాకు. ఏడాదిన్నర క్రితం లేచి నిలబడి నేను పిల్లలకు చెప్పినది ఎంత పెద్ద అబద్ధమో. అబద్ధమని తెలియకుండానే చెప్పాను. ఇప్పుడు ఇంకో కాగితం కూడా అలాగే, ఏమీ తెలియకుండానే అతని ముందు పెట్టాను. సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే, ఆ కాగితాన్ని వెనక్కి తీసుకోకుండా కూర్చున్నాను.

"సంతకం వద్దంటే, ఒరిజినల్స్ ఇచ్చేయండి బాబూ. రెండూ కుదరదంటే, ఎందుకు కుదరదో నేను ఆ కన్వీనరు గారికి స్వయంగా చెప్పాల్సి వస్తుంది. నాకు అబద్ధం చెప్పడం రాదు."

"బెదిరిస్తున్నారా సార్?"

"లేదు. భయపడుతున్నాను. జాబితా నా చేతి రాత."

మాత్ర ఒకటి వేసుకుని నీళ్లు తాగాడు.

"పోయిన నెల ముగ్గురు మానేశారు. ఈ నెల లైన్లు తగ్గితే క్లయింటు పోతాడు. అమ్మాయి పోతుంది, ఆవిణ్ని చూసి ఇంకో పదిమంది అడుగుతారు. మీరూ తెనాలి పోతున్నారు. ఇక్కడ చూసేవాడెవడు? నా ఒరిజినల్స్ కూడా హెడ్డాఫీసులోనే ఉన్నాయి సార్. నేనెవర్ని అడగను?"

నా కాగితం మా ఇద్దరి మధ్య బల్ల మీదే ఉంది.

"ఒక పని చేయండి" అన్నాడు చివరికి. "ఆ నోటీసు వాపసు తీసుకోండి. మీ ఒరిజినల్స్ తెచ్చి పెట్టండి. బీరువాలో ఒక ఫైలు పోయి ఇంకో ఫైలు వచ్చిందనుకుంటే హెడ్డాఫీసుకి నేను చెప్పుకోగలను. అప్పుడు ఆ అమ్మాయి ఫైలు తీసుకుపొమ్మనండి."

"ఆమెకు మిగిలింది ఏడు నెలలు కదండీ."

"ఫారం రెండేళ్లకే అచ్చయింది సార్."

నాకు అరవై. ఆ గదిలో కిటికీ లేదు కాబట్టి గోడ వైపు చూశాను. గోడ మీద కొత్త టవరు ఫోటో, దాని వెనక నీలం ఆకాశం. ఆదర్శ్‌కు ఏమని రాయాలి? వాడు టైంటేబుల్‌లో నా పేరు కూడా వేసి ఉంటాడు. కాలవ వాక్యం గుర్తొచ్చింది. కాదనడానికి నోరు తెరిచాను. ఆ నోటితోనే వేరే మాట అన్నాను.

"లింగయ్య ఉద్యోగం జోలికి పోకూడదు."

"పోను."

"మెట్ల దగ్గర కిటికీ మేకులు తీయించాలి."

తలెత్తి చూశాడు. వెటకారం చేస్తున్నానేమో అనుకున్నట్టున్నాడు. చేయడం లేదని గ్రహించి, "సరే" అన్నాడు.

నా టైపు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. ఆ బుట్ట కాగితాలు కూడా బయటికి పోవు, సాయంత్రం మిషనులో నలిగిపోతాయి.

బుధవారం పొద్దున నా ఎమ్మెస్సీ పట్టా, మార్కుల జాబితాలు పాత గుడ్డ సంచిలో పెట్టుకుని వచ్చాను. లింగయ్య లోపలికి వచ్చే వస్తువుల రిజిస్టరు తెరిచి, "ఏందియి సారు?" అన్నాడు. చెప్పాను. రాయబోయిన కలం ఆపి నా వైపు చూశాడు. రవికిరణ్ అప్పటికే ఫోను చేసి పాస్ సంగతి చెప్పి ఉంచాడు కాబట్టి ఆయనకు మిగతాది అర్థమైంది. పేరు, వస్తువు, తేదీ, తన అలవాటు ప్రకారం ఒక్కొక్క అక్షరం నొక్కి రాశాడు. ఆఖరు గడిలో, తిరిగి తీసుకునే తేదీ, జూలై 2001.

బీరువా తెరిచాను. రజిత ఫైలు తీశాను, అదే ఖాళీలో నాది పెట్టాను. తాళం వేసి చెవి మళ్లీ జంధ్యానికి కట్టుకున్నాను. నా సర్టిఫికెట్లకు కాపలా నేనే. నవ్వొచ్చింది.

ఫైలు ఇస్తే రజిత రెండు చేతులతో పట్టుకుని, విప్పి ఒక్కొక్కటీ చూసుకుంది. పదో తరగతి మెమో మీద చాలాసేపు ఆగింది.

"సార్, మీరు తెనాలి..."

"తర్వాత మాట్లాడుకుందాం. బస్సు వేళ చూసుకో."

"నాకు తెలుసు సార్. రత్నమ్మ చెప్పింది." వంగి నా కాళ్లకు దండం పెట్టబోయింది. ఫైలు జారుతుందని వద్దన్నాను.

గేటు దగ్గర ఆమె ముందు, నేను వెనక. లింగయ్య చెయ్యి చాపాడు.

"పాస్ ఏది?"

"నాయినా, నేనే గద."

"నువ్వే అయితేంది? కాగితం బయటికి పోతున్నది. పాస్ ఏది?"

ఇచ్చింది. గేట్ పాస్ కింద రెండు గడులుంటాయి, వస్తువు తిరిగి వచ్చేది, తిరిగి రానిది. రవికిరణ్ ఏ గడిలోనూ టిక్కు పెట్టలేదు. లింగయ్య దాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు. పైకి తీసుకుపోతే రవికిరణ్ మనసు మార్చుకోవచ్చు. నేనే టిక్కు పెడతానన్నాను.

"మీరెట్ల పెడ్తరు సారు? రూలు రూలే."

గోడకున్న ఫోను తీసి మేనేజరు గది నంబరు నొక్కాడు. నిటారుగా నిలబడ్డాడు. టోపీ సరిచేసుకున్నాడు, అవతలివాడికి కనిపిస్తున్నట్టు.

"సార్, గేటు నుంచి లింగయ్య. రజిత, ఒక ఫైలు. గిది తిరిగి రావాల్నా, వద్దా సార్?"

రిసీవరు చెవికి నొక్కిపట్టుకుని వింటున్నాడు. రజిత ఫైలును ఛాతీకి హత్తుకుని నేల వైపు చూస్తోంది.

"జీ సార్" అని ఫోను పెట్టేశాడు.

దారం లాగి, కలం సవరించుకుని, బయటికి వెళ్లే వస్తువుల రిజిస్టరులో రాశాడు. రజిత, తండ్రి లింగయ్య. ఒక ఫైలు. ఆఖరు గడి దగ్గర ఒక్క క్షణం ఆగి, తిరిగి రాదు అని రాశాడు. రాసినదాన్ని తనే ఒకసారి చదువుకున్నాడు.

తర్వాత ఆమె సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి మూత విప్పాడు.

"ఖాళీనే నాయినా" అంది రజిత.

"అన్నం పూర్తిగ తిన్నవా లేదా చూస్తున్న." మూత పెట్టి ఇచ్చాడు. "నడువు, బస్సు పోతది. పైల్ దిక్కు సూసుకుంట నడువు, రోడ్డు దిక్కు గూడ సూసుకో."

నేను లోపలికి వచ్చాను. మెట్ల మలుపులో వడ్రంగి మేకులు పీకి వెళ్లాడు. రెక్క తోశాను. నాలుగు వేళ్ల మందం తెరుచుకుంది. అంతకంటే తెరిస్తే బయట గ్రిల్లుకు తగులుతుంది. తుమ్మ కొమ్మ చప్పుడు వినిపించింది. బండలు కొట్టే సుత్తి దెబ్బలు కూడా, ఇంకో మేడ లేస్తోంది. కాసేపు నిలబడి, వెళ్లి నా సీట్లో కూర్చున్నాను. ఆ సాయంత్రమే ఆదర్శ్‌కు కార్డు రాశాను. మూడు వాక్యాలు రాయడానికి గంట పట్టింది.

గురువారం సాయంత్రం గేటు దగ్గరికి వచ్చేసరికి లింగయ్య నా కోసం ఎదురుచూస్తున్నాడు. రజిత బూత్ నుంచి ఫోను చేసిందట.

"వరంగల్‌ల సీటు వచ్చింది సారు. కాగితాలన్నీ ఆళ్లే తీస్కున్నరంట."

"వాటిని కాలేజీవాళ్లకు పంపుతారు. చదువైపోయేదాకా వాళ్ల దగ్గరే ఉంటాయి."

"మల్ల బీరువలనేనా?" అని భయంగా చూశాడు.

"బీరువాలోనే. రసీదు ఇచ్చారా?"

"ఇచ్చిన్రంట. ముద్ర గూడ ఏసిన్రంట. సార్‌కు ఈ ముచ్చట తప్పక చెప్పు అన్నది."

ఆయన నా సంచి తీసుకుని, డబ్బా మూత విప్పి, మజ్జిగ చారికలు పరీక్షగా చూశాడు. పక్కన తెరిచి ఉన్న రిజిస్టరులో నిన్నటి పేజీ కనిపిస్తోంది. నా పేరున్న వరస మీద ఆయన వేలు ఆగింది.

"రెండు వేల ఒకటి దాంక అంటే మస్తు దినాలు సారు."

"మీ అమ్మాయి అప్పటికి రెండో ఏడాదికి వస్తుంది."

"గట్లనా" అన్నాడు. లెక్క సరిచూసుకుంటున్నట్టు కాసేపు ఆలోచించి, మూత బిగించి డబ్బా నా చేతికిచ్చాడు. "రేపు జల్ది రాన్రి సారు. ఎండ ఎక్కకముందే కిటికీల గాలి మంచిగ వస్తది."